రెట్టింపైన మొక్కలు, రాలిపోయిన జన్యువులు: మీ ప్రశ్నలు, నా జవాబులు

మొక్కల్లో అప్పుడప్పుడు డీఎన్ఏ మొత్తం ఒకేసారి రెట్టింపైపోతుందని, పూలమొక్కలన్నిటి వంశంలోనూ ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగిందని పోయిన సంచికలో రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు చూసి నిజంగా సంతోషం వేసింది. నేను రెండు ముక్కల్లో దాటేసిన చోట్లే పట్టుకుని అడిగారు మీరంతా. అందుకే ఈసారి పేజీలన్నీ ఆ ప్రశ్నలకే.

మేడమ్, గోధుమకి లక్షకి పైగా జన్యువులు ఉన్నాయని రాశారు. మనిషికి 20 వేలే కదా! అంటే గోధుమ మొక్క మనకంటే ఐదు రెట్లు గొప్పదా?
(ఇంటర్ విద్యార్థి)

లెక్క నిజమే బాబూ. గోధుమ జీనోమ్‌ని, అంటే దాని డీఎన్ఏ మొత్తాన్ని, పూర్తిగా చదివి 2018లో బయటపెట్టినప్పుడు నమ్మకంగా తేలిన జన్యువులు 1,07,891. కానీ ఆ అంకెని మూడుతో భాగించి చూడు. దాదాపు 36 వేలు వస్తుంది. మామూలు గడ్డి జాతి మొక్కకి ఉండేవి ఇంచుమించు అన్నే. గోధుమ అంటే ఒక మొక్క కాదు, మూడు మొక్కలు ఒకే కణంలో కాపురం పెట్టడం. కొన్ని లక్షల ఏళ్ల కిందట ట్రిటికమ్ ఉరార్తు అనే అడవి గోధుమ, ఏజిలాప్స్ స్పెల్టాయిడెస్‌కి దగ్గరి చుట్టమైన ఇంకో గడ్డి కలిసి 28 క్రోమోజోమ్‌ల మొక్క పుట్టింది. ఆ తర్వాత మనుషులు సాగు మొదలుపెట్టాక, సుమారు 8 - 10 వేల ఏళ్ల కిందట, ఏజిలాప్స్ టాషీ అనే మూడో గడ్డి పుప్పొడి దాంట్లో పడింది. 28కి 14 కలిసి 42 అయింది.

10 వేల ఏళ్లంటే మనకి చాలా ఎక్కువ గానీ జీనోమ్‌కి అది నిన్న మొన్నటి మాట. మూడు కుటుంబాల సామాను ఒకే ఇంట్లో దించారు, ఇంకా ఎవరూ ఏదీ పారేయలేదు, అంతే. కాబట్టి జన్యువుల సంఖ్య చూసి ఏ జీవి గొప్పదో తేల్చలేం, ఆ సంఖ్య చెప్పేది రెట్టింపై ఎంతకాలమైంది అన్న సంగతినే ఎక్కువగా. ఇంకో మాట, ఆ మూడు సెట్లూ ఒకేలా ఉన్నా, పుప్పొడీ అండాలూ తయారయ్యేటప్పుడు ప్రతి క్రోమోజోమ్ తన సొంత జతనే వెతుక్కుంటుంది, పక్క సెట్‌లోని దానితో అంటుకోదు. 5బి అనే క్రోమోజోమ్ మీద పీహెచ్1 అనే చోటు ఒకటుంది, ఆ క్రమశిక్షణ అంతా దానిదే. అది పోయిన మొక్కల్లో జతలు కలగాపులగమైపోతాయి. ఈ సంగతి 1950ల చివర్లోనే బయటపడింది.

కోట్ల ఏళ్ల కిందట జీనోమ్ రెట్టింపైందని అంత ధైర్యంగా ఎలా చెబుతారండీ? ఎవరు చూశారు?
(విశ్రాంత ఉపాధ్యాయుడు)

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు మాస్టారూ. ఎవరూ చూడలేదు, నిజమే. ఆనవాళ్లు మాత్రం మిగిలాయి. ఒక్కో జన్యువుని విడిగా పట్టుకుంటే అవి కనిపించవు, వరస చూడాలి.

ఒక ఉదాహరణ వేసుకుందాం. ఒక మొక్కలో ఒక క్రోమోజోమ్ మీద క, గ, ఘ, ఛ అనే నాలుగు జన్యువులు ఆ వరసలో ఉన్నాయి. అదే మొక్కలో ఇంకో క్రోమోజోమ్ మీద క, ఖ, ఘ, చ, జ ఉన్నాయి. రెంటికీ ఉమ్మడిగా ఉన్నవి క, ఘ రెండే. ఇంత చిన్న పోలిక ఊరికే కూడా రావచ్చు కదా అంటారు మీరు. నేనూ అదే అంటాను. ఇప్పుడు దూరపు చుట్టమైన ఇంకో మొక్కలో క, ఖ, గ, ఘ, చ, ఛ, జ ఏడూ వరసగా దొరికాయనుకోండి. ఒక్కసారిగా విషయం తెలిసిపోతుంది. మొదట్లో ఏడూ ఉన్న ముక్క ఒకటుంది, అది రెండైంది, తర్వాత ఒక ప్రతిలో మూడు రాలిపోయాయి, రెండో ప్రతిలో రెండు రాలిపోయాయి, మిగిలినవి మాత్రం పాత వరస తప్పలేదు. ఒక చోట కాదు, ఇలాంటి జంట ముక్కలు జీనోమ్ పొడుగునా కనిపిస్తే, అప్పుడు రెట్టింపైంది మొత్తం జీనోమేనని చెబుతాం.

ఆ దూరపు చుట్టం పాత్ర చక్కగా పోషించింది ద్రాక్ష. 2007లో దాని జీనోమ్ చదివేదాకా ఎవరూ ఊహించలేదు, ఈ మధ్యకాలంలో రెట్టింపవ్వని, పాత వరసలు పెద్దగా చెదరని మొక్క అది. ద్రాక్ష లోపల ప్రతి ముక్కకీ మూడేసి ప్రతులు కనిపించాయి. అంటే దాదాపు 12 కోట్ల ఏళ్ల కిందట, గులాబీ, బఠాణీ, టమాటా లాంటి మొక్కలన్నిటి ఉమ్మడి పూర్వీకుడిలో జీనోమ్ మూడింతలైంది. దీన్నే గామా అంటారు. ఆ తర్వాత 2013లో ఆంబొరెల్లా జీనోమ్ వచ్చింది. న్యూ కాలెడోనియా దీవిలో మాత్రమే పెరిగే పొద అది, మిగతా పూలమొక్కలన్నిటి నుంచీ అందరికంటే ముందు వేరుపడిన కొమ్మకి మిగిలిన ఒకే ఒక్క వారసురాలు. అక్కడ ఒక ముక్కకి ద్రాక్షలో సరిగ్గా మూడు ముక్కలు తగిలాయి. ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకు చాలాసేపు మాట రాలేదు.

ఇక కాలం సంగతి. డీఎన్ఏలో జీజీఏ, జీజీసీ, జీజీజీ, జీజీటీ ఏది రాసున్నా కణం దాన్ని గ్లైసీన్ అనే అమైనో ఆమ్లంగానే చదువుతుంది. కాబట్టి చివరి అక్షరం మారినా మొక్కకి నష్టమేమీ ఉండదు, ఇలాంటి మార్పులు కాలంతోపాటు పోగుపడుతూ పోతాయి. జంట ప్రతుల మధ్య అవెన్ని ఉన్నాయో లెక్కపెడితే విడిపోయి ఎంతకాలమైందో అంచనా వస్తుంది. అయితే ఈ గడియారం అన్ని మొక్కల్లో ఒకే వేగంతో నడవదు. చెట్లలో నెమ్మదిగా, ఏడాదిలో బతుకు ముగించే కలుపు మొక్కల్లో గబగబా నడుస్తుంది. అందుకే ఎవరైనా ఫలానా రెట్టింపు సరిగ్గా ఇన్ని కోట్ల ఏళ్ల కిందటే అని ఒకే అంకె చెబితే కొంచెం అనుమానించండి. వరస చెప్పేది గట్టి సాక్ష్యం, తేదీ మాత్రం అంచనాయే.

రెండేసి ప్రతులు ఉంటే మంచిదే కదా, ఒకటి పాడైతే ఇంకొకటి పనికొస్తుంది. మరి మొక్క వాటిని ఎందుకు పోగొట్టుకుంటుంది? ఏది ఉంచాలో ఏది వదలాలో ఎలా తెలుస్తుంది?
(డిగ్రీ విద్యార్థిని, వృక్షశాస్త్రం)

చాలా మంచి ప్రశ్న తల్లీ. నన్నడిగితే ఈ శాస్త్రంలో అసలు విషయం ఇదే. రెట్టింపు కావడం ఒక్క తరంలో అయిపోతుంది. ఆ తర్వాత కోట్ల ఏళ్లు నడిచేదంతా పోగొట్టుకోవడమే.

మొక్కకి ఏమీ తెలియదు, అది ఎంచుకోదు కూడా. ఒక ప్రతి పాడైనా రెండోది పనిచేస్తోంది కాబట్టి ఆ మొక్క బతికేస్తుంది, పాడైన ప్రతి పిల్లలకీ వెళుతుంది, క్రమంగా ముక్కలై మాయమవుతుంది. నువ్వు చెప్పిన "ఒకటి పాడైతే ఇంకొకటి" అన్న ఆ భద్రతే ఒక ప్రతి పోవడానికి దారి తెరుస్తోంది, చూశావా?

దీన్ని దగ్గరగా చూడాలంటే జొన్ననీ మొక్కజొన్ననీ పక్కపక్కన పెట్టాలి. రెండూ దగ్గరి చుట్టాలు, రెంటికీ 10 జతల క్రోమోజోములే. రెండు జీనోములూ 2009లోనే వచ్చాయి. జొన్న దారి వేరయ్యాక మొక్కజొన్న వంశంలో జీనోమ్ రెట్టింపై 20 జతలైంది, తర్వాత క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుని మళ్లీ 10కి వచ్చింది. పైకి చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది! కానీ జొన్నలో ఒక ముక్క తీసుకుంటే మొక్కజొన్నలో దానికి రెండు ముక్కలు తగులుతాయి. వాటిలో ఒకటి ఎక్కువ జన్యువులు నిలబెట్టుకుంది, రెండోది ఎక్కువ పోగొట్టుకుంది. జీనోమ్ పొడుగునా ఇదే తీరు. ఎక్కువ నిలబెట్టుకున్న వైపు జన్యువులు మామూలుగా ఎక్కువ చురుగ్గా పనిచేస్తున్నాయి కూడా. అంటే కలిసిన రెండు జీనోముల్లో ఒకటి పెత్తనం చేస్తోందన్నమాట. తక్కువ పనిచేసే ప్రతి పోయినా మొక్కకి పెద్దగా తెలియదు, కాబట్టి అదే ఎక్కువగా పోతుంది. క్యాబేజీ, ఆవ జాతి మొక్కల్లోనూ ఇదే కథ. అక్కడ జీనోమ్ మూడింతలైంది, మూడు సెట్లలో ఒకటి బాగా నిలిచింది, రెండు బాగా చిక్కిపోయాయి.

మరి నిలిచేవి ఏవి? మనుషుల్లో 21వ క్రోమోజోమ్ ఒక్కటి అదనంగా ఉంటే డౌన్ సిండ్రోమ్ వస్తుంది. మొక్కల్లో కూడా ఒక్క క్రోమోజోమ్ ఎక్కువైతే మొక్క నీరసంగా, వంకరటింకరగా ఉంటుంది, అదే మొత్తం సెట్ రెట్టింపైతే చాలాసార్లు హాయిగా పెరుగుతుంది. కారణం పాళ్లు. చాలా ప్రొటీన్లు గుంపుగా కలిసి పనిచేస్తాయి, ఒకటి ఎక్కువై ఇంకొకటి తక్కువైతే గుంపు చెడుతుంది. అందుకే ఇతర జన్యువులని నడిపించే నియంత్రక జన్యువులు, కణంలో ప్రొటీన్లు తయారయ్యే రైబోసోమ్ భాగాలు తయారుచేసేవి రెట్టింపు తర్వాత జంటగా ఎక్కువ కాలం నిలుస్తాయి. ఒక ప్రతి పోతే పాళ్లు తప్పుతాయి మరి. డీఎన్ఏకి మరమ్మతులు చేసే జన్యువుల లాంటివి కొన్నిటిలో దీనికి సరిగ్గా వ్యతిరేకం, ప్రతిసారీ త్వరగానే ఒకే ప్రతికి తిరిగొస్తాయి.

ఇంకో దారి పని పంచుకోవడం. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ పూలలో ఉంది. పువ్వులో కేసరాలనీ అండకోశాన్నీ తయారుచేయించే ఒక పాత జన్యువు ఎప్పుడో రెండైంది. అరబిడాప్సిస్ అనే చిన్న కలుపు మొక్కలో ఆ పని మొదటి ప్రతి అగామస్ చేస్తోంది, రెండో ప్రతి వారసులు కాయ పగిలి గింజలు రాలే పనికి మళ్లాయి. స్నాప్‌డ్రాగన్ పూలమొక్కలో చూస్తే పువ్వుని కట్టే పని ఆ రెండో ప్రతికి దక్కింది! అవే రెండు ప్రతులు, రెండు మొక్కల్లో పనులు తారుమారు. అంటే ఏది ఏ పని చేయాలన్నది ముందే రాసిపెట్టి లేదు.

కొత్త పని నేర్చుకోవడం ఇంకాస్త అరుదు. ఆవాల ఘాటు దానికి మంచి ఉదాహరణ. ఆ ఘాటుకి మూలమైన గ్లూకోసినొలేట్లని కట్టే దారిలో ఒక ముఖ్యమైన ఎంజైమ్ ఉంది, ఒకప్పుడు ల్యూసీన్ అనే అమైనో ఆమ్లం తయారీలో పనిచేసిన ఎంజైమ్‌కి నకలు అది. నకలు కావడం వల్ల పాత పని దాని మెడ మీద లేదు, కొత్త దారి పట్టగలిగింది.

ఉల్లిపాయలో మనకంటే ఐదు రెట్లు డీఎన్ఏ ఉందట. అది ఎన్నిసార్లు రెట్టింపైందండీ?

ఉల్లిలో డీఎన్ఏ అంత పెరగడానికి కారణం రెట్టింపు కాదు. ఉల్లికి 8 జతల క్రోమోజోములే, మామూలు రెండు సెట్ల మొక్క. దాని 1,600 కోట్ల అక్షరాల్లో అత్యధిక భాగం తమని తాము నకలు చేసుకుంటూ డీఎన్ఏలో అటూ ఇటూ గెంతే ముక్కలే. వాటిని మొదట మొక్కజొన్నలో కనిపెట్టింది బార్బరా మెక్లింటాక్. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ నీళ్లలో పెరిగే యుట్రిక్యులేరియా గిబ్బా, చిన్న చిన్న తిత్తుల్లో పురుగుల్ని పట్టి తినే మొక్క. ద్రాక్షతో దారి వేరయ్యాక దాని జీనోమ్ ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ రెట్టింపైంది. ఇప్పుడు చూస్తే మొత్తం కలిపి 8 నుంచి 10 కోట్ల అక్షరాలే! ద్రాక్షలో ఐదో వంతు. జన్యువులు మాత్రం దాదాపు 28 వేలు, ద్రాక్షకి ఉన్నన్ని. రెట్టింపైనదాన్నంతా ఊడ్చేసింది.

రెండు వేర్వేరు మొక్కల్ని కలిపి మనమే కొత్త జాతిని పుట్టించలేమా?
(పెరటి తోటల మీద ఇష్టం ఉన్న పాఠకుడు)

పుట్టించారు. రష్యన్ శాస్త్రవేత్త కార్పెచెంకో 1920లలో ముల్లంగినీ క్యాబేజీనీ సంకరం చేశారు. రెంటికీ 18 క్రోమోజోములే కాబట్టి పిల్ల మొక్కకి ముల్లంగి నుంచి 9, క్యాబేజీ నుంచి 9 వచ్చాయి. మొక్క ఏపుగా పెరిగింది గానీ దాదాపు గొడ్డుపోయింది, ఎందుకంటే ముల్లంగి క్రోమోజోముకి క్యాబేజీలో జత దొరకదు, జత దొరక్కపోతే పుప్పొడి సరిగా తయారవదు. అయినా ఎక్కడో కొన్ని గింజలు పట్టాయి. వాటిని మొలకెత్తించి చూస్తే 36 క్రోమోజోములు! విభజన జరక్కుండా మొత్తం సెట్‌తోనే తయారైన పుప్పొడీ అండమూ కలిసిపోయాయన్నమాట. ఇప్పుడు ప్రతిదానికీ జత ఉంది, మొక్క నిక్షేపంగా కాసింది. కింద ముల్లంగి దుంప, పైన క్యాబేజీ గడ్డ వస్తాయని ఆశపడితే రెండూ తిరగబడ్డాయని చెబుతారు. అయినా కొత్త జాతి ఎలా పుడుతుందో కళ్లముందు చూపించిన ప్రయోగం అది. ఆయన్ని స్టాలిన్ ప్రభుత్వం 1941లో కాల్చి చంపింది. ఈ ప్రయోగం గురించి రాసినప్పుడల్లా ఆ మాట కూడా రాయాలనిపిస్తుంది నాకు.

ఇదే పని ప్రకృతి ఎప్పుడో చేసింది. టర్నిప్ జాతికి 10 జతలు, నల్ల ఆవాలకి 8 జతలు, రెండూ కలిస్తే 18 జతలు. మనకి తెలిసిన ఆవ మొక్కకి సరిగ్గా 18 జతలే. దీన్ని 1935లో లెక్కగట్టి చూపించింది జపాన్‌లో పనిచేసిన ఊ నగహారు. జీనోమ్ చదవడం అప్పటికి కలలో కూడా లేదు, సూక్ష్మదర్శినిలో క్రోమోజోముల జతలు చూసి చెప్పారు. దశాబ్దాల తర్వాత డీఎన్ఏ చదివితే ఆ మాటే నిజమని తేలింది.

గింజలు లేని పుచ్చకాయ జన్యుమార్పిడి పంటా? తినడానికి టెన్షన్‌గా ఉంది.

కాదండీ, నిశ్చింతగా తినండి. మామూలు పుచ్చకి 22 క్రోమోజోములు. మొలకకి కోల్చిసిన్ మందు పెడితే కణం రెండుగా విడిపోకుండా ఆగి 44 అవుతుంది. ఆ మొక్కనీ మామూలు మొక్కనీ కలిపితే 33 వస్తుంది. మూడేసి ఉన్నవాటిని రెండు సమభాగాలు చేయలేం కాబట్టి గింజ కట్టదు. బయటి జన్యువు ఏదీ ఇందులో పెట్టలేదు. అరటిలో గింజలు లేకపోవడానికి కూడా మూడు సెట్లు ఉండటం ఒక కారణం, అది ప్రకృతిలో తనంతట జరిగింది.

డైనోసార్లు అంతరించినప్పుడు జీనోమ్ రెట్టింపైన మొక్కలే బతికాయని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా?

ఆ మాటలో కొంత నిజం ఉంది, అలా కచ్చితంగా చెప్పడం మాత్రం తప్పు. బెల్జియంలోని గెంట్ నగరానికి చెందిన పరిశోధకులు 2009లో ఒక సంగతి చూపించారు. చాలా వంశాల్లో జరిగిన రెట్టింపుల తేదీలు 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ వినాశనం చుట్టూ గుమిగూడినట్టు ఉన్నాయి. అది జరగడానికి కారణాలూ ఉన్నాయి. బాగా ఎండలోనో చలిలోనో మొక్కల్లో విభజన జరగని పుప్పొడి ఎక్కువగా తయారవుతుంది. వాతావరణం తలకిందులైనప్పుడు రెట్టింపు సెట్ల మొక్కలు కొన్ని బాగా తట్టుకోవడం ఇప్పటికీ చూస్తాం.

కానీ పైన మాస్టారికి రాసిన గడియారం సంగతి గుర్తు తెచ్చుకోండి. ఒక్కో తేదీకి అటూ ఇటూ లక్షల్లో కాదు, కోట్ల ఏళ్ల తేడా ఉండొచ్చు. పైగా ఇప్పుడిప్పుడే రెట్టింపైన వంశాలు మిగతా వాటికంటే ఎక్కువగా అంతరిస్తున్నాయని 2011లో వచ్చిన పరిశోధన చెప్పింది. వెయ్యికి పైగా మొక్కల జన్యువులని పోల్చి 2019లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో 244 పాత రెట్టింపులు తేలాయి. అవి కాలంలో చాలా దూరం పరుచుకుని ఉన్నాయి, ఒక్క వినాశనం చుట్టూ మాత్రమే కాదు. నా అభిప్రాయం అడిగితే, రెట్టింపు అనేది చాలాసార్లు ఓడిపోయి ఎప్పుడో ఒకసారి గెలిచే ఆట, గెలిచినవాళ్ల వారసులే ఈరోజు మన చుట్టూ ఉన్నారు కాబట్టి అది ఎప్పుడూ గెలిచే ఆటలా కనిపిస్తోంది.

మేడమ్, నేను ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఒక అడవి మొక్క జీనోమ్ మీద పని చేస్తున్నాను. జంట జన్యువుల మధ్య తేడాలు లెక్కేసి గ్రాఫ్ గీస్తే సున్నాకి దగ్గర్లో పెద్ద శిఖరం వచ్చింది. ఈ మధ్యే జీనోమ్ రెట్టింపైందని రాసేయొచ్చా? గైడ్‌కి వచ్చే వారం చూపించాలి.

ఇప్పుడే రాయకమ్మా, ఒక్క వారం ఆగు. సున్నా దగ్గర శిఖరం దాదాపు ప్రతి మొక్కలోనూ వస్తుంది. పక్కపక్కనే ఒక్కో జన్యువు విడిగా నకలు అవుతూ ఉంటుంది, అవన్నీ అక్కడే పోగుపడతాయి. ముందు వాటిని తీసేసి, వరసలో ఉన్న జంటలని మాత్రమే ఉంచి మళ్లీ గ్రాఫ్ గీయి. ఎంసీస్కాన్‌ఎక్స్ లాంటి ప్రోగ్రాం ఆ వరసలు వెతికి ఇస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. అడవి మొక్క అన్నావు కాబట్టి తల్లి వైపు ప్రతీ తండ్రి వైపు ప్రతీ బాగా తేడాగా ఉండి ఉంటాయి. జీనోమ్ అతికించే ప్రోగ్రాం ఆ రెంటినీ ఒకే చోటుగా గుర్తించలేక రెండు వేర్వేరు ముక్కలుగా పెట్టేసి ఉండొచ్చు. అలా జరిగితే లేని రెట్టింపు ఉన్నట్టు కనిపిస్తుంది. నేను పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో సరిగ్గా ఈ పొరపాటే చేసి మూడు నెలలు నష్టపోయాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మామూలుగా ఒక్క ప్రతే ఉండే జన్యువులు ఎలా ఉన్నాయో వెతికే బుస్కో ప్రోగ్రాంలో జంటగా వచ్చిన జన్యువుల శాతం చూడు. ఆ ముక్కల మీద రీడ్ల లోతు, అంటే ఒక్కో చోటుని యంత్రం ఎన్నిసార్లు చదివిందన్నది, మిగతా చోట్ల కంటే సగమే ఉంటే అవి నిజమైన జంటలు కావు. కుదిరితే వేరు కొసల నుంచి క్రోమోజోములు లెక్కపెట్టించు, ఊ నగహారు చేసిన పని అదే కదా.

ఇవన్నీ అయ్యాక నీ మొక్కని ద్రాక్షతో పోల్చు. ద్రాక్షలో ఒక్క ముక్కకి నీ మొక్కలో ఒకటే తగిలితే గామా తర్వాత రెట్టింపు లేనట్టే, రెండు తగిలితే ఒకసారి, అరబిడాప్సిస్‌లో లాగా నాలుగు తగిలితే రెండుసార్లు జరిగినట్టు. ఒక్క చోట చూసి ఆగకు, ద్రాక్ష 19 క్రోమోజోముల పొడుగునా చూడు. ఎన్ని తగిలాయో లెక్కపెట్టి ఆ పటం కూడా జతచేసి మళ్లీ రాయి, దాని కోసం ఎదురుచూస్తుంటాను.